సిక్ లైన్‌లో పడిన కంప్యూటర్

పోయిన నెలలో ఒక ఆదివారం మా చెల్లెలు లలిత ఫోన్ చేసి, "అక్కా, జర ఇంటికి రా. పిల్ల పొద్దటి సంది అన్నం ముడ్తలేదు," అంది. పిల్ల అంటే దాని కూతురు మేఘన. ఇంజనీరింగ్ చదువుతోంది. జ్వరం వచ్చిందో, పరీక్ష పోయిందో అనుకుంటూ హన్మకొండలో వాళ్లింటికి పోయాను. తీరా చూస్తే హాలు నిండా అట్టపెట్టెలు, ప్లాస్టిక్ సంచులు, వాటి మధ్య చాప మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది మేఘన. ఎదురుగా ఒక పక్క అద్దం బిగించిన నల్లటి కంప్యూటర్ డబ్బా. లోపల ఫ్యాన్లు ఎరుపూ నీలం రంగుల్లో వెలుగుతూ పెళ్లివారి ఇల్లులా మెరిసిపోతున్నాయి. తెర మాత్రం నల్లగా ఉంది. ఏ భాగానికి ఆ భాగం విడిగా తెప్పించుకుని, వీడియోలు చూసుకుంటూ తనే బిగించుకుందట. "అన్నీ కరెక్టే పెట్టిన పెద్దమ్మా. ఐనా డిస్‌ప్లే వస్తలేదు. బోర్డే కాలిపోయిందో ఏందో," అంది. 

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నడవని కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని చూసి నవ్వకూడదు. కొంగు నడుముకు దోపుకుని దాని పక్కన చాప మీద చతికిలబడ్డాను. "ముందుగాల ప్లగ్గు తీయి. ఇగ ఒక్కొక్కటే ఊడదీసుకుంట పో," అన్నాను. బిగించడానికి అన్ని గంటలు పట్టిన వస్తువును మళ్లీ విప్పమనేసరికి పిల్ల బెంబేలెత్తిపోయింది. అయినా నా మాట కాదనలేదు. రంగుల లైట్లు తీసేశాం. అదనంగా పెట్టిన ఫ్యాన్లు తీసేశాం. ఒకటి తీసినప్పుడల్లా మీట నొక్కి చూశాం. ఆఖరికి బోర్డు పైమూలకు వేలు పోనిచ్చి తడిమితే తెలిసింది, ప్రాసెసర్‌కు విడిగా కరెంటు అందించే వైరు తగిలించనే లేదు. అది డబ్బా వెనక తీగల గుంపులో హాయిగా దాక్కుని ఉంది. తగిలించి మీట నొక్కగానే తెర వెలిగింది. మేఘన నా మెడకు చుట్టుకుపోయి, "పెద్దమ్మా, నువ్వు కథలు గదా రాసేది? గిదెట్ల తెల్సు నీకు?" అని అడిగింది.

నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. ఈ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి నన్ను కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలు ముందేసుకుని కూర్చునే పెద్దమ్మగానే చూసింది. వంటింట్లోంచి లలిత, "అక్క ఒకప్పుడు గవి బాగుజేసుడు నేర్పేది గదనే," అంది, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు. అంత తేలిగ్గా చెప్పే సంగతి కాదది. నేను గొప్పలు చెప్పుకునే మనిషినే, అందులో దాపరికం ఏమీ లేదు. నా బతుకులో గొప్పగా చెప్పుకోదగ్గవి పెద్దగా లేవు, ఉన్న వాటిలో ఇది మొదటిది. దాన్ని ఇంకొకరు పొడిపొడిగా చెప్తే నేనెందుకు ఊరుకోవాలి? అందుకే కూర్చుని రాస్తున్నాను.

మేం పెరిగింది కాజీపేటలో, రైల్వే క్వార్టర్లలో. బాపు పని బండ్ల తనిఖీ. స్టేషన్‌లో రైలు ఆగగానే పొడుగు కర్ర ఉన్న సుత్తి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా చక్రాల మీద కొట్టుకుంటూ, ఆ చప్పుడు వింటూ నడిచేవాడు. చప్పుడులో తేడా కనిపెట్టిన డబ్బాను బండి నుంచి తప్పించి యార్డులో ఒక పక్క పట్టాల మీదికి తోసేవాళ్లు. దానికి సిక్ లైన్ అని పేరు. ఆ మాట మా ఇంట్లోకి ఎప్పుడు వచ్చిందో తెలియదు, వచ్చాక మాత్రం మళ్లీ పోలేదు. మిక్సీ తిరగకపోతే సిక్. రేడియో గరగరలాడితే సిక్. లలితకు జ్వరం వస్తే "ఇయ్యాల చిన్నది సిక్ లైన్ల వడ్డది" అనేవాడు బాపు. ఆయనకూ అమ్మకూ మాటా మాటా వచ్చిన రోజు అమ్మ కూడా, "నేను సిక్ల ఉన్న, మీరే వండుకోండ్రి" అని చాప పరుచుకుని అటు తిరిగి పడుకునేది.

ఆ ఇంటి వాసనలు నాకిప్పటికీ ముక్కుకు తగులుతుంటాయి. బాపు డ్యూటీ బట్టల గ్రీజు వాసన, వాటిని అమ్మ సోడా వేసి ఉడకబెట్టినప్పుడు లేచే ఆవిరి, పొద్దున్నే వాకిట్లో రాజేసే బొగ్గుల కుంపటి, దాని మీద మరిగే చాయ్. బాపుకు సెలవున్న రోజు పాత పేపర్లు పరుచుకుని ఇంట్లో సిక్ అయినవన్నీ ముందేసుకుని కూర్చునేవాడు. పక్కన స్క్రూడ్రైవర్ అందించే పని నాది. ఆయన పద్ధతి ఒకటే. దేన్ని విప్పినా విప్పిన వరుసలోనే పేపర్ మీద పేర్చాలి, బిగించేటప్పుడు చివర నుంచి వెనక్కి రావాలి. పనికి అడ్డం వచ్చేది ముందు తప్పించాలి. ఏది తప్పిస్తే మిగిలింది నడుస్తుందో, రోగం దాంట్లో ఉన్నట్టు. ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వొచ్చా అన్న ఆలోచన ఆయనకు ఎప్పుడూ రాలేదు. అందించడానికి ఇంట్లో ఎవరో ఒకరు కావాలి, నేను ఖాళీగా ఉండేదాన్ని, అంతే.

అమ్మది ఇంకో రాజ్యం. ఆమెకు అక్షరం ముక్క రాదు, కానీ పసుపు విషయంలో ఆమె ముందు ఎవరూ నిలిచేవాళ్లు కాదు. ధర్మసాగర్ దగ్గర మా మేనమామ చెలకలో పండిన కొమ్ములు తెప్పించి, ఉడకబెట్టి, మిద్దె మీద ఎండబోసి, గిర్నీ పట్టించి డబ్బాలకెత్తేది. అంగట్లో దొరికే పసుపును ఆమె పసుపు అనేదే కాదు, "రంగుపిండి" అనేది. శుక్రవారం వస్తే గడపలన్నిటికీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్లతో నిండుగా రాసేది. ఇంట్లోకి కొత్తగా ఏ వస్తువు వచ్చినా పసుపు కుంకుమ తప్పేది కాదు. బాపు సైకిలుకు పెట్టింది, కుక్కరుకు పెట్టింది, లలిత బడిసంచికి పెట్టింది, ఆఖరికి గ్యాసు సిలిండరు మారిన ప్రతిసారీ పెట్టేది. "ఎందుకమ్మా, వారం పది దినాలు పోతే అది వాపసు పోయేదే గదా?" అని నేను నవ్వితే, "మనింట్ల ఉన్నన్ని దినాలు మనదే గదనే," అనేది.

డిగ్రీ అయ్యాక నేను హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనికి కుదిరాను. మేడ మీద గదులు, కింద మందుల షాపు. ముందు గదిలో నేను టైపింగ్, ఉత్తరాలు తయారు చేయడం నేర్పేదాన్ని. ఎక్కువగా ఆడపిల్లలు వచ్చేవాళ్లు. లోపలి గదిలో హార్డ్‌వేర్ క్లాసు. అక్కడ కంప్యూటర్లు విప్పడం, బిగించడం, చెడిపోయినవి బాగుచేయడం నేర్పేవాళ్లు. అది పూర్తిగా మగవాళ్ల గది. నా క్లాసు అయిపోయాక తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని. ఆ నేర్పే మాస్టారు మంచివాడు, "రాండ్రి మేడం, ఈ స్క్రూ పట్టుకోండ్రి" అని లోపలికి పిలిచేవాడు. ఒకరోజు ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. లోపలి గదికి తాళం పడింది. చేరడానికి వచ్చిన అబ్బాయిలు రోజూ వచ్చి అడిగి పోతున్నారు.

సెంటర్ యజమాని ఖాదర్ సార్. అప్పటికే గడ్డం నెరిసిన మనిషి, పెద్దగా మాట్లాడడు. నేను పోయి ఆయన టేబుల్ ముందు నిలబడి, "సార్, హార్డ్‌వేర్ బ్యాచ్ నేను తీస్కుంట," అన్నాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టి నా వంక చూశాడు. "బేటా, అది టైపింగ్ లెక్క కాదు. డబ్బాలు మొయ్యాలె, కరెంట్‌తోటి పని. పోరగాండ్లు నీ మాట ఇంటరా?"

"ఇంటరో ఇనరో తర్వాత సంగతి సార్. ముందుగాల నాకు పని వస్తదో రాదో సూడుండ్రి."

ఆయన కాసేపు గడ్డం సవరించుకున్నాడు. "సరే. కొత్త కంప్యూటర్ సామాను వచ్చి పడున్నది. ఇక్కడ జాగ లేదు, ఇంటికి తీస్కపోయి బిగించు. సోమవారం పొద్దుగాల నా టేబుల్ మీద పెట్టి, మీట వేసి చాలు చెయ్. నడిస్తే బ్యాచ్ నీది. నడవకపోతే హైదరాబాద్ నుంచి మనిషిని పిలిపిస్త. టైపింగ్ క్లాస్ ఏడికీ పోదు, దానికి ఫికర్ చెయ్యకు."

ఆ ఆఖరి మాట నన్ను ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లంతా కారం పూసినట్టయింది. టైపింగ్ క్లాసు ఎక్కడికీ పోదని నాకూ తెలుసు. నేనే అందులోంచి ఎక్కడికీ పోలేనేమో అన్నది నా భయం. ఆ లోపలి గది నాకు కావాలి. ఎంతగా కావాలంటే, అట్టపెట్టెలు ఆటోలో వేసుకుని కాజీపేటకు వస్తున్నంత సేపూ వాటి మీద చేయి తీయలేదు.

ఆదివారం పొద్దున్నే తలకు పోసుకుని వచ్చేసరికి అమ్మ తన పని కానిచ్చేసింది. దేవుడి మూల ముందు ముగ్గేసి, పెళ్లిళ్లకు వాడే పెద్ద ఇత్తడి తాంబాలంలో కంప్యూటర్ భాగాలన్నీ పేర్చి, ఒక్కొక్కదానికీ పసుపు రాసి కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. హార్డ్‌డిస్క్‌కు బొట్టు, ఫ్లాపీ డ్రైవ్‌కు బొట్టు, ఫ్యానుకు నడుమ బొట్టు. ఆమె ముఖం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు. మెత్తటి పాత గుడ్డ తీసుకుని కనిపించిన పసుపూ కుంకుమా అంతా జాగ్రత్తగా తుడిచాను. తర్వాత పేపర్లు పరుచుకుని కూర్చుని, తలుపు దగ్గర నిలబడి నేర్చుకున్నదంతా గుర్తు చేసుకుంటూ ఒక్కొక్కటే బిగించాను. క్యాబినెట్‌లో బోర్డు కూర్చోబెట్టి, ప్రాసెసర్ పెట్టి, దాని మీద ఫ్యాను, పక్కన ర్యామ్, తెరకు బొమ్మ పంపే డిస్‌ప్లే కార్డు, డిస్కులు, వైర్లు. పక్క క్వార్టర్ సత్తెమ్మత్త, ఎదురింటివాళ్లు వచ్చి గడప దగ్గర నిలబడ్డారు. మా లైనులో కంప్యూటర్‌ను అంత దగ్గర నుంచి చూసినవాళ్లు తక్కువ. నేను ప్లగ్గు పెట్టి, అమ్మ వంక ఒకసారి చూసి, మీట నొక్కాను.

ఫ్యాను తిరిగింది. పచ్చ లైటు వెలిగింది. తెర మాత్రం ఉలకలేదు పలకలేదు. ఇలాంటప్పుడు కూతపెట్టి రోగమేమిటో చెప్పే చిన్న స్పీకరు కొన్ని క్యాబినెట్లలో ఉంటుంది, మాకు వచ్చినదాంట్లో లేదు. ఆపి మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. "ఐపాయెనా? బొమ్మ రాదా?" అంది సత్తెమ్మత్త. "వస్తది, గంత తొందరేంది నీకు? అన్నం గూడ ఉడకనిస్తలేవు," అని అమ్మ ఆమెను దబాయించింది. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన బాపు చెప్పులు విడుస్తూ, "ఏమైందే?" అని అడిగాడు. "సిక్," అన్నాను. "మరి ఒక్కొక్కటే తెంపుకుంట సూడు. సూసుకుంట కూసుంటె అయితదా?" అని కాళ్లు కడుక్కుని పోయి పడుకున్నాడు. ఆయనకు కంప్యూటర్ సంగతి ఇసుమంత కూడా తెలియదు. నాకు తెలుసని ఆయన అనుకున్నాడు, నిద్ర కూడా పోయాడు. ఆ నిద్ర నాకు ఎంత ధైర్యాన్నిచ్చిందో చెప్పలేను.

వచ్చినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నేను మొదటి నుంచి మొదలుపెట్టాను. ఫ్లాపీ డ్రైవ్ తప్పించి మీట నొక్కాను. లాభం లేదు. హార్డ్‌డిస్క్ తప్పించాను. లేదు. పాటలు వినిపించే కార్డు తీశాను. లేదు. తీసినదాన్ని తీసినట్టే పేపర్ మీద వరుసగా పేర్చుకుంటూ వచ్చాను. ఎండ గడప దాటి నా చాప దాకా వచ్చింది. అన్నానికి అమ్మ పిలుస్తోంది, నేను లేవడం లేదు. ఆఖరికి బోర్డు, ప్రాసెసర్, డిస్‌ప్లే కార్డు, ర్యామ్ మిగిలాయి. ఇవి లేకుండా ఏ కంప్యూటరూ లేవదు, కాబట్టి వీటిని తప్పించడానికి లేదు. డిస్‌ప్లే కార్డు తీసి మళ్లీ గట్టిగా నొక్కాను. ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను. తెర నల్లగానే ఉంది. బోర్డే పోయి ఉంటే నా చేతుల్లో ఏమీ లేదు. రేపు పొద్దున ఖాదర్ సార్ టేబుల్ ముందు నిలబడి ఆ మాట చెప్పాలి. ఆయన తిట్టడు, "పర్వాలేదు బేటా" అంటాడు. ఆ మాట వినడం కంటే తిట్లు తినడమే నయం.

ఏడుపు వస్తుందేమోనని ముఖం రుద్దుకున్నాను. అప్పుడు నా వేళ్లు ముక్కుకు తగిలి గుప్పున పసుపు వాసన వచ్చింది. ముందుగా ఏమీ అనిపించలేదు, ఆ రోజు ఇల్లంతా పసుపు వాసనే. కానీ కుంకుమ తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కున్న సంగతి గుర్తొచ్చింది. తర్వాత నేను పట్టుకున్నది ఇనుమూ ప్లాస్టికే. చేతిలో ఉన్న ర్యామ్‌ను ఎండలోకి పట్టుకుని చూశాను. ర్యామ్ అంటే జానెడు కంటే తక్కువ పొడవుండే ఆకుపచ్చ పట్టీ. దాని అడుగంచున బంగారు రంగు పళ్లు వరుసగా ఉంటాయి, వాటితోనే అది బోర్డుకు అతుక్కుంటుంది. ఆ పళ్లు బంగారు రంగులోనే ఉన్నాయి, కానీ మెరవడం లేదు. గోటితో గీకాను. గోటిలోకి పసుపు వచ్చింది.

"అమ్మా, దీనికి యాడ రాసినవే పసుపు?" అని అరిచాను.

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. "అడుగుకు రాసిన. గడపకు రాసినట్టు అటు దిక్కు ఇటు దిక్కు నిండ రాసిన. ఏమైంది? బంగారం లెక్క మెరుస్తున్నది, గదే ముఖ్యమనుకున్న."

పసుపు మీద పసుపు, బంగారం మీద బంగారం, నా గుడ్డకూ కంటికీ కూడా అందలేదు. అంగడి పసుపయితే ఎండగానే రాలిపోయేది. అమ్మ పసుపు కదా, వారాల తరబడి గడపను వదలదు, దీన్ని మాత్రం ఎందుకు వదులుతుంది? కరెంటు పోవాల్సిన దారిలో మేనమామ చెలక పసుపు పొరలా గట్టిపడి కూర్చుంది. నేను చాప మీద వెల్లకిలా వాలిపోయి పడి పడి నవ్వాను. అమ్మకు అర్థమయ్యేలా చెప్పేసరికి ఆమె ముఖం చిన్నబోతుందేమో అనుకున్నాను. ఎంత మాత్రం చిన్నబోలేదు. "ఐతే నేను కరెక్టుగనే పట్టిననన్నట్టు. అదే ముఖ్యం," అంది. నిజానికి ఆమె అన్నది నిజమే. ఆ డబ్బాలోకి వచ్చేదీ పోయేదీ దాటాల్సిన గడప అదే. చదువు రాని మనిషి చూపుకు అది ఒక్కసారికే దొరికింది.

లలిత కంపాసు పెట్టెలోంచి రబ్బరు తెచ్చుకుని ఆ పళ్లను మెల్లగా, అటూ ఇటూ రుద్దాను. రబ్బరు పొడి పసుపు పచ్చగా రాలింది. బోర్డులో అది కూర్చునే గాడిని ఎవరూ వాడని పొడి బ్రష్షుతో దులిపాను. మళ్లీ పెట్టి, రెండు చివర్లా టక్కుమనే దాకా నొక్కి, మీట వేశాను. తెర మీద తెల్లటి అంకెలు గబగబా పరుగెత్తాయి. అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఎగిరి గంతేయలేదు. మళ్లీ ఆపి, మళ్లీ వేసి, మళ్లీ ఆపి, ప్రతిసారీ లేస్తోందని తేల్చుకుని, తప్పించినవన్నీ చివర నుంచి వెనక్కి ఒక్కొక్కటే కలుపుకుంటూ వచ్చాను. అప్పుడు తిన్న చల్లారిన అన్నం అంత రుచిగా మళ్లీ ఎప్పుడూ లేదు.

సోమవారం పొద్దున క్యాబినెట్‌ను అమ్మ పాత నూలు చీరలో చుట్టి, ఒడిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఆ రోజుల్లో కాజీపేట నుంచి హన్మకొండ దాకా రోడ్డు ఎట్లా ఉండేదో ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. మేడ మీదికి నేనే మోసుకుపోయాను. ఖాదర్ సార్ గదిలో హార్డ్‌వేర్ బ్యాచ్ కోసం వచ్చిన అబ్బాయిలు బెంచీ మీద కూర్చుని ఉన్నారు, నన్ను చూసి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. సార్ డబ్బా చుట్టూ తిరిగి, మూత తీయించి లోపలికి తొంగి చూసి, "సాఫ్‌గ బిగించిన్రు. ఎవలు బిగించిన్రు బేటా? మీ బాపునా? రైల్వేల జేస్తడంటివి గద?" అన్నాడు. "నేనే సార్," అన్నాను. బెంచీ మీద నుంచి చిన్న నవ్వు వినిపించింది. అక్కడున్న తెర తగిలించి మీట నొక్కాను.

ఫ్యాను తిరిగింది. పచ్చ లైటు వెలిగింది. తెర నల్లగా ఉంది.

"ఏంది బేటా?" అన్నాడు సార్, మెత్తగానే. "ఇంట్ల నడిచింది సార్," అన్నాను. "ఇంట్ల నడవంగ మేం జూసినమా మేడం?" అన్నాడు బెంచీ మీది ఒక అబ్బాయి. అప్పుడొక వింత జరిగింది. నాకు భయం వేయలేదు. ఇదే నల్ల తెర ముందు నేను ముందురోజు పొద్దు పొద్దంతా కూర్చున్నాను. దాని గుణం నాకు తెలుసు. ఇంట్లో మొదటిసారే అది బుద్ధిగా లేచి ఉంటే, ఆ క్షణాన నేను నిలబడిపోయి ఏడ్చేదాన్ని.

"జర ఆగుండ్రి సార్," అని ప్లగ్గు తీసి, చున్నీ వెనక్కి ముడేసుకుని, ఆ అబ్బాయిల వైపు తిరిగాను. "అక్కడ కూసుంటె ఏం కనవడదు. దగ్గరికి రాండ్రి," అన్నాను. వాళ్లు సార్ వైపు చూశారు. సార్ తలూపాడు. లేచి వచ్చి టేబుల్ చుట్టూ నిలబడ్డారు. "ఫ్యాను తిరుగుతాంది, అంటే కరెంట్ వస్తాంది. డిస్కులు లేకున్నా తెర మీద అంకెలైతే రావాలె, అంటే వాటితోటి మనకు ఇప్పుడు పనిలేదు," అంటూ ఒక్కొక్కటే విప్పి, వరుసలో పేర్చుకుంటూ పోయాను. ఎందుకు తీస్తున్నానో చెప్పి తీశాను. తీసిన ప్రతిసారీ మీట నొక్కి చూపించాను. ర్యామ్ తీసి దాని పళ్లు చూపించాను. నవ్విన అబ్బాయే "మేడం, మరి ఆ కార్డు ఒక దిక్కు లేసినట్టు లేదా?" అన్నాడు. నేను అప్పటికే చూశాను. అయినా అతన్ని చెప్పనిచ్చాను. ఆటో కుదుపులకు డిస్‌ప్లే కార్డు గాడిలోంచి ఒక పక్కకు లేచింది. "నువ్వే నొక్కు," అన్నాను. అతను నొక్కాడు. నేను మీట వేశాను. అంకెలు పరుగెత్తాయి.

 ఖాదర్ సార్ కుర్చీలో కూర్చుని చల్లారిపోయిన చాయ్ తాగాడు. తాగి, ఆ అబ్బాయిలతో, "రేపటి సంది పొద్దుగాల బ్యాచ్. టైంకు రాండ్రి. మేడంకు లేట్ అయితే నచ్చదు," అన్నాడు. నాకు ఆలస్యం నచ్చదని ఆయనకెట్లా తెలుసో నాకు తెలియదు. టేబుల్ సొరుగులోంచి లోపలి గది తాళంచెవి తీసి నా ముందు పెట్టాడు.

ఆ గదిలో నేను చాలా ఏళ్లు నేర్పాను. నేర్చుకున్నవాళ్లు వరంగల్ నిండా షాపులు పెట్టుకున్నారు. ఇప్పటికీ నేను బజారులో నడుస్తుంటే ఏదో ఒక మెట్టు మీద నుంచి "నమస్తే మేడం" అని వినిపిస్తుంది, నేను కొంచెం నిదానంగా నడుస్తాను, ఇంకెవరైనా విన్నారేమోనని. తర్వాత ఆ డబ్బాలు మారాయి, నాకు కళ్లు మసకబారాయి, నేను కథల్లో పడ్డాను. ఇప్పటి భాగాలు ఎంత బుద్ధిమంతులంటే తప్పుగా పెడదామన్నా పట్టవు. కొన్నిట్లో రోగమెక్కడుందో బోర్డే దీపం పెట్టి చూపిస్తుంది. బిగించే పద్ధతి అడిగితే ఫోన్‌లో ప్రపంచమంతా వచ్చి నేర్పుతుంది. మాకు అవేవీ లేవు, తలుపు దగ్గర నిలబడి దొంగచూపులతో నేర్చుకున్నాం. అయినా మా కాలమే గొప్పదని నేననను. మొన్న మేఘన డబ్బా వెలిగాక వాళ్ల నాన్న వచ్చి చూశాడు, పక్క ఫ్లాట్ వాళ్లు వచ్చారు, దాని దోస్తులు ఫోటోలు చూసి ఫోన్లు చేశారు. ఎంత స్పీడు అని అడిగారు, రంగులు మార్చొచ్చా అని అడిగారు. ఎవరు బిగించారని ఒక్కరూ అడగలేదు. ఆ పిల్లే బిగించి ఉంటుందని అందరికీ తెలుసు. ఆ పిల్లకు అది గర్వపడాల్సిన విషయమని కూడా తట్టలేదు. దాని బదులు ఆ గర్వమేదో నేనే పడి ఇంటికి వచ్చాను.

ఆ సోమవారం మధ్యాహ్నం నేను ఇల్లు చేరేసరికి అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో, చెవుల పక్కన చెమట కారుతోంది. నా చేతుల్లో డబ్బా లేకపోవడం చూసి, ముఖం చూసి, ఏదీ తేల్చుకోలేక, "నడిచిందా బిడ్డా?" అని అడిగింది.

"నడవలేదమ్మా," అన్నాను.

 అమ్మ నన్ను లోపలికి రమ్మనడానికి చేయి చాచింది. నేను ఆ చేయి పట్టుకుని, అందులో తాళంచెవి పెట్టి, వేళ్లు మూశాను.

"నడవలేదు గనుకనే ఇచ్చిండమ్మా," అన్నాను.